రెండుసార్లు వచ్చిన ఆగస్టు ముప్పై

నా మీద దొంగతనం మోపిన రోజు మా ఎస్తేరుకు మూడేళ్లు నిండిన మర్నాడు. మిగిలిన కేకు ముక్కలు స్టీలు డబ్బాలో పెట్టుకొని, అందరికీ పంచుదామని డిపార్ట్‌మెంట్‌కు తీసుకుపోయాను. సూపరింటెండెంట్ సూర్యనారాయణ గారు తలుపు దగ్గరే ఆపేశారు.

"రజినీ, సార్ రూంకి పద. ఆ డబ్బా ఇలా ఇచ్చెయ్."

మూత తీసి, లోపల ఏముందో చూసి మరీ డబ్బా తీసుకున్నారు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. కేకు తింటారేమో అనుకున్నాను.

డిపార్ట్‌మెంట్ పేరు రాయను. యూనివర్సిటీ క్యాంపస్‌లో చాలా ఉన్నాయి, వాటిలో ఒకటి. నేను అక్కడ రెండేళ్లుగా రోజుకూలీ టైపిస్టును. లెటర్లు కొట్టేది నేను, సార్ల వ్యాసాలు కొట్టేది నేను, పరీక్ష పేపర్లు కొట్టేదీ నేనే. చదువు ఇంటర్ రెండో సంవత్సరంతో ఆగింది. పరీక్షల నాటికి ఎస్తేరు కడుపులో ఉంది, డాక్టరమ్మ మంచం దిగొద్దంది. ఆ తర్వాత తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ నేర్చుకున్నాను. రంగుల స్క్రీన్ ఉన్న విండోస్ బ్యాచ్ కట్టలేక, మూలన పడేసిన నల్ల స్క్రీన్ మెషిన్ల మీద, ఆదేశాలు అక్షరాలతో కొట్టి నడిపే డాస్ మాత్రమే నేర్చుకున్నాను.

రూంలో హెడ్ వెంకటేశ్వర్లు సార్, ఆయన పక్కన జశ్వంత్. జశ్వంత్ సార్‌కు మేనల్లుడు. మా దగ్గరే రీసెర్చ్ చేస్తాడు, కంప్యూటర్ రూం బాధ్యత అతనిదే.

"పేపర్ ఎవరికిచ్చావు?" అన్నారు సార్.

"ఏ పేపర్ సార్?"

"చూశావా, ఏ పేపర్ అంటోంది!" అని జశ్వంత్ వైపు తిరిగి నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది.

జరిగింది ఇది. ఎమ్మెస్సీ ఫైనల్ పేపర్ ఒకటి, పరీక్షకు మూడు రోజుల ముందు, తార్నాక చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ షాపులో దొరికింది. పరీక్ష రద్దయింది. దొరికిన కాగితం అంచున ఎవరో పెన్నుతో ఒక వాక్యం రాశారు. జశ్వంత్ మా మెషిన్ వెతికితే, నేను లెటర్లు దాచుకునే ఫోల్డర్‌లో ఆ పేపర్ కాపీ కనబడింది. ఫ్లాపీలో పట్టేలా చిన్నగా కుదించి పెట్టిన ఫైలు. దాని పక్కన మెషిన్ వేసిన తేదీ, టైము: ఆగస్టు 30, సాయంత్రం ఐదు నలభై. ఆగస్టు ముప్పై సోమవారం. ఆ సాయంత్రం ఆరింటికి కంప్యూటర్ రూం తాళం అప్పజెప్పినట్టు రిజిస్టర్‌లో ఉన్న సంతకం నాది.

"మెషిన్ అబద్ధం చెప్పదు," అన్నాడు జశ్వంత్.

అసలు పేపర్ సార్ ఫోల్డర్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ ఆయన కూతురు సుధామయి పేరు. ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌లో చెట్టుకూ పుట్టకూ తెలుసు. కానీ దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ముందు భయపడ్డాను. ఐదు నలభై, ఆగస్టు ముప్పై అని రెండోసారి విన్నాక భయం పోయి కోపం వచ్చింది.

"జశ్వంత్ సార్, ఇరవై ఆరు కాడ మరిచిన ముచ్చట సార్‌కు చెప్పిన్రా?"

ఈ ఇరవై ఆరు సంగతి మీకు చెప్పాలి.

ఆ ఏడు, అంటే తొంభై తొమ్మిది ఏప్రిల్ ఇరవై ఆరున చెర్నోబిల్ అనే వైరస్ లేచి ఎన్నో ఊళ్లలో కంప్యూటర్లను చంపింది. మా రూంలో మూడు పోయాయి. మెషిన్ లోపలి క్యాలెండర్‌లో ఇరవై ఆరు కనబడితేనే అది లేస్తుంది. ప్రతి నెలా ఇరవై ఆరుకు లేచే రకం కూడా ఉందన్నారు. దాన్ని చంపే సాఫ్ట్‌వేర్ కొందామని పంపిన ఫైలు పైకి పోయి అక్కడే కూర్చుంది. అందుకని సార్ ఒక ఉపాయం పెట్టారు. మా మెషిన్లకు ఇరవై ఆరునే రానివ్వకూడదు. ఇరవై ఐదు సాయంత్రం తేదీని ఇరవై ఏడని మార్చేస్తారు. తెల్లారితే మనకు ఇరవై ఆరు, మెషిన్‌కు ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు పొద్దున మళ్లీ సరిచేస్తారు. పసిపిల్లలకు దిష్టి తీసినట్టు నెలనెలా ఈ తంతు. ముందుకు జరిపేది జశ్వంత్, వెనక్కు జరిపేదీ జశ్వంతే.

ఆగస్టులో ముందుకు జరిపాడు. వెనక్కు జరపడం మరిచిపోయాడు.

సోమవారం పొద్దున నేను ఒక లెటర్‌కు తేదీ ఎప్పటిలా చేత్తో కొట్టకుండా, మెషిన్ చేతే వేయించి ప్రింటు తీస్తే దాని మీద సెప్టెంబర్ 1 అని పడింది. ఇదేంటని చూసి, మెషిన్ తేదీని నేనే ఆగస్టు 30కి తెచ్చాను. తెచ్చి జశ్వంత్‌కు చెప్పాను కూడా. స్క్రీన్ మీద పేకాటలోంచి తల ఎత్తకుండా "ఓహ్, థాంక్స్" అన్నాడు.

అంటే ఆ మెషిన్‌లో ఆగస్టు ముప్పై రెండుసార్లు వచ్చింది. ఒకసారి మన శనివారం నాడు, ఇంకోసారి అసలు సోమవారం నాడు. శనివారం నేను క్యాంపస్‌లోనే లేను. ఎస్తేరుకు నూట మూడు జ్వరం. మా ఆయన ప్రేమ్ కుమార్‌ది రైల్వే నౌకరీ కాబట్టి, పిల్లను భుజాన వేసుకొని మెట్టుగూడ రైల్వే ఆస్పత్రిలో సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఇదంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. సార్ జశ్వంత్ వైపు చూశారు.

"లేదు మామయ్యా, ఇరవై ఏడు మార్నింగే రీసెట్ చేసేశాను. కావాలని అల్లుతోంది."

"ఇప్పుడు ఎంత చూపిస్తోందిరా?"

"కరెక్ట్‌గానే ఉంది."

"నేను సరిజేసిన కాబట్టే కరెక్ట్ ఉన్నది సార్!" అని అరిచాను.

వెంకటేశ్వర్లు సార్ కుర్చీలో వెనక్కి వాలారు. "అంటే ఉన్న ఆధారం నీ చేతులతో నువ్వే చెరిపేశానంటావు. ఇంటర్ ఫెయిలైన దానివి, పీహెచ్‌డీ చేసేవాడికి కంప్యూటర్ నేర్పుతున్నావా?"

"ఫెయిల్ గాలే సార్. పరీక్షలు రాయలే."

"రెండూ ఒకటే. ఎంక్వైరీ అయ్యేదాకా రావద్దు. పోలీసులకు ఇవ్వకపోవడమే నీకు చేసే మేలు."

బయటికి వస్తే సూర్యనారాయణ గారు డబ్బా చేతికిచ్చారు. రెండు ముక్కలు తగ్గాయి.

*

లాలాపేట్‌లో ఇంటికొచ్చేసరికి మా అత్త సాలమ్మ ఎస్తేరుకు నూనె రాస్తోంది.

"ఏంది పిల్లా, గింత ఎండల వచ్చినవ్?"

చెప్పాను. ఆమె చేతిలోని నూనె గిన్నె కింద పెట్టింది.

"వాని నోట్ల మన్నువడ! బస్సుల కండక్టర్ టికెట్ ఇయ్య మరిస్తే వెనకవడి అడిగి తీసుకుంటవ్. నువ్వు దొంగవా? నేన్ వస్త నడువు, ఆ హెడ్డుగాని టేబుల్ మీద గూసొని అడుగుత."

"నువ్వొస్తే ఉన్నది గూడ వోతది అత్తా."

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అంతా విని, "పోనియ్ రజినీ, ఇంకోకాడ జూసుకుందాం. పెద్దోళ్లతోని మనకేంది," అన్నాడు. ఆ మాటకు నాకు జశ్వంత్ మీద కంటే ఎక్కువ కోపం వచ్చింది. పనిదేముంది, పోతే పోతుంది. పేరు పోతే? వచ్చే జూన్‌లో పిల్లను బళ్లో వేయాలి. టీచరమ్మల్లో సగం మంది ఆ క్యాంపస్‌లో చదివినవాళ్లే. పేపర్ అమ్ముకున్నామె బిడ్డ అని ఒక్కరంటే చాలు, అది దానికి పదో తరగతి దాకా అంటుకుంటుంది. ఆ వారమంతా ఊరికే దాని నుదురు పట్టి చూశాను. జ్వరం లేదు. అయినా చూశాను. "చెయ్యి తియ్ అమ్మా, చల్లగుంది," అని విసుక్కుంది.

ఎనిమిదో రోజు కబురొచ్చింది. చేతిరాత నమూనా ఇవ్వాలట.

*

వేదవతి మేడం అరవై దాటినావిడ. సర్కారు ఆఫీసులో చేతిరాతలు పరీక్ష చేసి రిటైరయ్యారు. ఇప్పుడు తార్నాక విజయపురి కాలనీలో ఒక గది తీసుకొని కోర్టు కేసులు చూస్తారు. కాగితం అంచున ఉన్న రాత నాదో కాదో తేల్చడానికి ఎంక్వైరీ వాళ్లు ఆవిడను డిపార్ట్‌మెంట్‌కు పిలిపించారు. నలిగిన నేత చీర, చేతిలో భూతద్దం. పక్కన సూర్యనారాయణ గారు సాక్షిగా కూర్చున్నారు.

"నేను చెప్తానమ్మా, నువ్వు రాయి. పది కాగితాలు. ఒక్కో కాగితం మీద అదే వాక్యం ఐదుసార్లు. నిదానంగా రాయి."

ఆవిడ చెప్పిన వాక్యం, దొరికిన కాగితం అంచున ఉన్నదే: రెండవ భాగమునందు ఏవేని మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము.

రెండు కాగితాలు నింపాను. మూడోది ముందుకు లాక్కున్నాక చెయ్యి ఆగిపోయింది. దొంగను కూర్చోబెట్టి దొంగ రాత రాయిస్తున్నారు. నేను చెప్పింది ఎవరూ ఒక్క ముక్క రాసుకోలేదు. వాళ్లు చెప్పింది మాత్రం నేను యాభైసార్లు రాయాలి. కళ్లలోకి నీళ్లొచ్చాయి, ఏడుపు కాదు, మంట. పెన్ను గట్టిగా పట్టుకొని, ఆవిడ చెప్పింది వదిలేసి, నా సంగతి రాయడం మొదలుపెట్టాను. ఆ మెషిన్‌లో ఆగస్టు ముప్పై రెండుసార్లు వచ్చింది, అని మొదలుపెట్టి ఇరవై ఆరు తంతు, సెప్టెంబర్ ఒకటి పడిన లెటర్, ఆస్పత్రి, సెలవు చీటీ, అన్నీ. ఎనిమిది కాగితాలు నిండాయి. ఆవిడ మధ్యమధ్య ఆ వాక్యాన్నే చదువుతున్నారు, నేను తల ఊపుతూ నాది రాస్తున్నాను.

అయ్యాక కాగితాలు తీసుకొని ఒక్కొక్కటీ భూతద్దం కింద తిప్పారు. తలకట్లు చూస్తున్నారు, కొమ్ములు చూస్తున్నారు. ఐదో కాగితం దగ్గర ఆగి భూతద్దం పక్కన పెట్టారు.

"ఇది నేను చెప్పింది కాదే."

"నేను చెప్తున్న మేడం. ఈళ్లెవ్వరు ఇనలే. మీరు రాతలు చూస్తరంట గదా, చూడున్రి."

"ఏయ్ రజినీ, ఏంటిది?" అని సూర్యనారాయణ గారు లేచారు.

"మీరు కూర్చోండి," అన్నారు మేడం. మూడో కాగితం నుంచి మొదలుపెట్టి పదోదాకా చదివారు. ఒకచోట వెనక్కి వెళ్లి మళ్లీ చదివారు. తర్వాత అన్నారు: "ముప్పై ఏళ్ల పైన సర్వీసు నాది. నమూనా కాగితం చదవడం ఇదే మొదటిసారి. మేం చూస్తామమ్మా, చదవం. సరే. చెప్పావు. చూపించగలవా?"

"చూపిస్త. గని నన్ను మెషిన్ ముట్టనిస్తలేరు."

"నువ్వు ముట్టకూడదు కూడా. నువ్వు చెప్పు, నేను ముడతాను. నాకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా తెలీదు. అందుకని నువ్వు ప్రతిదీ విడమరచి చెప్పాలి, వీళ్లంతా వినాలి."

*

కంప్యూటర్ రూంలో వెంకటేశ్వర్లు సార్, జశ్వంత్, సూర్యనారాయణ గారు గోడవారగా నిలబడ్డారు. జశ్వంత్ స్విచ్ వేయబోయాడు.

"ఆగు బాబూ," అన్నారు మేడం. "ఇది ఆన్ చేస్తే లోపల ఏమైనా మారుతుందా?"

"ఏం మారదు మేడం, జస్ట్ ఆన్ అవుతుంది."

"మారతది," అన్నాను. "విండోస్ లేస్తే దాని సొంత రాతలేవో రాసుకుంటది. ఇప్పటికే ఇన్ని రోజుల సంది ఎవలు వడితే వాళ్లు ఆన్ జేసిన్రు. ఇగ వద్దు. డాస్ ఫ్లాపీ పెట్టి లేపాలె మేడం. ఆ ఫ్లాపీ మూలకున్న తలుపు తెరిస్తే దాని మీద గూడ ఏం రాయరాదు."

ఆవిడ ఫ్లాపీ తిరగేసి, ఆ చిన్న తలుపును గోరుతో తెరిచి, అందరికీ చూపించి, టైము రాసుకొని అప్పుడు పెట్టారు. నల్ల స్క్రీన్ వచ్చింది. నేను ఒక్కో అక్షరం చెబుతుంటే ఆవిడ కీబోర్డ్ మీద వేలుతో వెతుకుతున్నారు. ఒక్క లైను కొట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది. జశ్వంత్ ముసిముసిగా నవ్వాడు.

"నవ్వుకో బాబూ, నాకు తొందర లేదు," అన్నారావిడ స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా.

నా ఫోల్డర్‌లోని ఫైళ్ల లిస్టు నేరుగా ప్రింటర్‌కు పోయేలా చెప్పాను, డిస్కు మీద ఏదీ రాయకుండా. డాట్ మ్యాట్రిక్స్ కీచుమంటూ మొదలైంది. కాగితం బయటికి రాగానే ఆవిడ అందరి చేతా దాని మీద సంతకాలు పెట్టించారు. నా చేత కూడా.

"ఇప్పుడు చెప్పు. ఈ వరస ఏంటి?"

"విండోస్‌ల చూస్తే ఫైళ్లు పేర్ల లెక్కన లైన్ల నిలవడ్డట్టు గనవడ్తయ్ మేడం. ఉత్త డాస్‌ల అట్ల గాదు. బస్సెక్కినోళ్లు ముందు సీటు నుంచి నింపుకుంట గూసున్నట్టు, ఎవరు ముందొస్తె వాళ్లు ముందు. ఇది ఎక్కిన వరస."

"మధ్యలో ఒకరు దిగిపోతే?"

ఈ ప్రశ్న జశ్వంత్ అడగలేదు. ఆవిడ అడిగారు. నేను ఒక్క క్షణం ఆలోచించాను. చెప్పకపోతే ఆ గదిలో ఎవరికీ తెలియదు, జశ్వంత్‌కు కూడా. కానీ చెప్పకుండా గెలిస్తే ఆ గెలుపును ఎప్పుడో ఎవడో ఒకడు లాగి కింద పడేస్తాడు.

"ఖాళీ సీట్ల కొత్తోడు గూసుంటడు. అప్పుడు వరస చెడ్తది."

"మరి ఎవరూ దిగలేదని నీకెలా తెలుసు?"

"లెటర్లకు పేర్లు పెట్టం మేడం. డిస్పాచ్ రిజిస్టర్ల ఏ నంబర్ ఉంటదో ఫైలుకు గూడ అదే నంబర్. రిజిస్టర్ తెప్పియ్యున్రి. ఒక్క నంబర్ తగ్గినా నేనే దొంగని."

రిజిస్టర్ వచ్చింది. సూర్యనారాయణ గారు నంబర్లు చదివారు, మేడం ప్రింటు మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయారు. ఒక్కటి కూడా తగ్గలేదు. తర్వాత స్కేలు పెట్టి తేదీలు చూశారు.

"నాలుగు వందల తొమ్మిది, పది, పదకొండు. రిజిస్టర్‌లో ఇరవై ఏడు, శుక్రవారం. మెషిన్‌లో ఇరవై తొమ్మిది. ఇరవై తొమ్మిది ఆదివారం కదా ప్రొఫెసర్ గారూ, ఆదివారం మీ డిపార్ట్‌మెంట్ తెరుస్తారా?"

సార్ గొంతు సవరించుకున్నారు. "తెరవం."

"ఇరవై ఏడు పొద్దుననే తేదీ సరిచేశానన్నాడట మీ మేనల్లుడు."

జశ్వంత్ షూ వైపు చూసుకున్నాడు.

"నాలుగు వందల పన్నెండు, పదమూడు. రిజిస్టర్‌లో ఇరవై ఎనిమిది, శనివారం. మెషిన్‌లో ముప్పై. ఇవి ఎవరు టైపు చేశారు?"

"నేనేనండీ," అన్నారు సూర్యనారాయణ గారు నసుగుతూ. "ఆ రోజు రజిని సెలవు. ఒక్క వేలితో కొట్టుకున్నాను."

"దాని కింద ఇదీ, మీ ప్రశ్నపత్రం. ముప్పై, ఐదు నలభై. దాని కింద నాలుగు వందల పద్నాలుగు. మెషిన్‌లో సెప్టెంబర్ ఒకటి. ఆ కింద నాలుగు వందల పదిహేను, మళ్లీ ఆగస్టు ముప్పై." ఆవిడ తల ఎత్తారు. "ఈ పద్నాలుగో లెటర్ ఆఫీసు కాపీ ఉందా?"

లెటర్ గురించి రాశాను గానీ, దాని కాపీ ఫైల్లో ఉంటుందన్న సంగతే మరిచిపోయాను. కోపంలో పడి మెషిన్ ఒక్కటే గుర్తుంది నాకు. ఆవిడ కాగితం మనిషి, ఆవిడకు కాగితమే గుర్తొచ్చింది. ఫైలు తెచ్చి విప్పితే, అచ్చులో సెప్టెంబర్ 1 అని పడి ఉంది. దాన్ని నేను పెన్నుతో కొట్టేసి ఆగస్టు 30 అని దిద్దాను. అడుగున పచ్చ సిరాతో హెడ్ సంతకం, సంతకం కింద ఆగస్టు 30 అని ఆయన చేతి తేదీ.

"ఇది మీ సంతకమేనా?"

సార్ చాలాసేపు చూశారు, తనది కాకపోతే బాగుండునన్నట్టు. "నాదే."

"అయితే సోమవారం పొద్దున మెషిన్ సెప్టెంబర్ ఒకటిలో ఉండగానే ఈ లెటర్ బస్సెక్కింది. ప్రశ్నపత్రం అంతకుముందే ఎక్కి కూర్చుంది. సోమవారం సాయంత్రం ఈ అమ్మాయి గదిలో ఉంటే ఏం, లేకపోతే ఏం?"

సూర్యనారాయణ గారు, అలవాటు కొద్దీ కాబోలు, తాళాల రిజిస్టర్ తెరిచి శనివారం పేజీ తీశారు. నేను పక్కనుంచి చూశాను. ఆరు గంటల ఐదు నిమిషాలకు తాళం అప్పజెప్పినట్టు జశ్వంత్ సంతకం. ఆయన గబుక్కున పుస్తకం మూశారు.

"ఈరోజుకు చాలు," అన్నారు వెంకటేశ్వర్లు సార్. "లంచ్ టైమైంది."

అప్పటికి పదకొండున్నర కూడా కాలేదు.

*

నాలుగు రోజుల తర్వాత మేడం పిలిస్తే విజయపురి కాలనీకి వెళ్లాను. రిపోర్టు చదవమని ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది, ఆవిడే తెలుగులో చెప్పారు. అంచున ఉన్న రాత రజినిది కాదు. ఫైలు ఆగస్టు 30 సోమవారానికి ముందే డిస్కులో చేరింది, 28 శనివారం చేరి ఉండవచ్చు. మిగతా సిబ్బంది చేతిరాత నమూనాలు ఇప్పించవలసిందని కోరుతున్నాను. అంతే. జశ్వంత్ పేరు లేదు.

"గింతేనా?" అన్నాను.

"అంతే."

"తాళం రిజిస్టర్ ఏమాయె మేడం? ఆయన సంతకం లేదా? మీ దిక్కు పిల్లగాడని ఇడిచిపెట్టిన్రా?"

ఆవిడ భూతద్దాన్ని టేబుల్ మీద టక్కున పెట్టారు. మొహం ఎర్రబడింది.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే బయటికి నడు. తాళం రిజిస్టర్ చూసేగా నిన్ను దొంగన్నారు? అదే రిజిస్టర్ చూసి నేను అతన్ని దొంగంటే, ఆ హెడ్డుకీ నాకూ తేడా ఏంటి? మెషిన్ రోజు చెప్పింది. మనిషిని చెప్పలేదు. అది చెప్పనిది నేను రాయను. నమూనాలు పంపితే అప్పుడు మనిషి సంగతి చూస్తాను."

"పంపరు."

"పంపకపోతే, అడిగినట్టు రిపోర్టులో ఉంటుంది."

ఆవిడ చెప్పింది న్యాయమే. న్యాయమైనంత మాత్రాన కోపం పోతుందా? ఇంకా పెరిగింది.

"కనుక్కున్నది నేను. నా పేరు యాడున్నది ఇండ్ల?"

"ఉండకూడదు. నీ మీద వచ్చిన కేసులో నువ్వే పరీక్ష చేశావంటే కోర్టులో ఒక్క నిమిషం నిలవదు. ఇది మింగాలి." ఆవిడ గొంతు తగ్గించారు. "వచ్చే సోమవారం నాకొక వీలునామా వస్తోంది. కంప్యూటర్‌లో కొట్టింది. అన్నదమ్ములు తేదీ మీద కొట్టుకుంటున్నారు. ఇలాంటివి ఇక చాలా వస్తాయి, నాకు ఫ్లాపీ ఏ వైపు పెట్టాలో తెలీదు. నువ్వు రా. ఆ ఇంటితో నీకు సంబంధం లేదు. పరీక్షించినవారు అన్న చోట నా పేరు కింద నీ పేరుంటుంది."

"సదువు అన్న కాడ ఏం రాస్తరు?"

"ఉన్నదే రాస్తాను. లాయరు నవ్వుతాడు. నవ్వనీ. ఈలోగా ఆ ఇంటర్ పరీక్ష ఫీజు కట్టు, నవ్వేవాళ్లు ఒకరు తగ్గుతారు."

"పిల్లకు జొరమొస్తే రాను."

"రాకపో. చీటీ రాసి పంపించు."

సరేనని చెప్పలేదు. లేచి వచ్చేశాను. లాలాపేట్ దాకా నడిచాను, బస్సెక్కి ఒకచోట కూర్చునేంత నిదానం లేదు నాలో. ఇంటికొచ్చి మా అత్తకు చెబితే, "నువ్వు తిట్టినా పనిస్తనన్నదా ఆమె? ఇంక నీకేం గావాలె పిల్లా?" అంది.

*

శుక్రవారం ఆర్డరు తీసుకొమ్మని కబురొచ్చింది. సూర్యనారాయణ గారు కవరు ముందుకు జరిపారు. అక్కడే నిలబడి చదివాను. తగిన ఆధారాలు లభించనందున కుమారి రజినిని ఆరోపణ నుండి హెచ్చరికతో విడిచిపెట్టడమైనది. ఇకపై ఆమె సేవలు అవసరం లేదు. నన్ను కుమారి అని కూడా రాశారు. వేదవతి మేడం రిపోర్టు ప్రస్తావన లేదు.

"సంతకం పెట్టి తీసుకోమ్మా. ఇంతటితో వదిలింది, సంతోషించు."

"హెచ్చరిక దేనికి సార్?"

"అది ఫార్మాటమ్మా. అందరికీ అలాగే వేస్తాం."

"ఆ ఫార్మాట్ కొట్టింది నేనే సార్. అండ్ల హెచ్చరిక లేదు."

ఆయన తల వంచుకొని కాగితాలు సర్దుకున్నారు. "నాకు చెప్పింది కొట్టానమ్మా. నన్నేం చేయమంటావు?"

"ఆఫీసు కాపీ ఇటియ్యున్రి."

ఆఫీసు కాపీ మీద, సంతకం పెట్టాల్సిన చోట, పెద్ద అక్షరాలతో రాశాను. కాగితం అందింది. ఇందులో ఉన్నది ఒప్పుకోను. ఆధారాలు లభించాయి, నిపుణురాలి రిపోర్టు చూడండి, అది ఈ ఆఫీసులోనే ఉంది. నేను కుమారిని కాను. కింద సంతకం. తేదీ. టైము దగ్గర ఆగి, నా వాచీ ప్రకారం మూడు పదహారు, ఈ గది గోడ గడియారం ప్రకారం మూడు పది, అని రెండూ రాశాను.

ఆయన చదివి కళ్లజోడు పైకి తోసుకున్నారు. "ఇదేంటి, రెండు టైములు?"

"రెండు గడియారాలున్నయి సార్. మీరు గూడ పెట్టున్రి సంతకం. మీ ముంగట్నే రాసిన అని."

"నేనెందుకమ్మా మధ్యలో?"

"మధ్యల లేకుంటే శనివారం లెటర్లెవలు కొట్టిన్రు?"

ఆయన హెడ్ రూం తలుపు వైపు చూశారు. తలుపు వేసే ఉంది. జేబులోంచి పెన్ను తీసి, నా సంతకం పక్కన చిన్నగా తనదీ గీశారు.

"ముద్ర గూడ ఎయ్యున్రి," అన్నాను. "దానికో జిరాక్స్ నాకు."

"స్టాంపు ప్యాడ్ ఎక్కడో పడిపోయింది. వెతకాలి."

"వెతకున్రి సార్."

ఆయన సొరుగులు లాగడం మొదలుపెట్టారు. రెండేళ్లుగా ఆ టేబుల్ ముందు నిలబడే మాట్లాడాను. ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కొని కూర్చున్నాను.